రేడియేషన్ తగిలాక డీఎన్ఏ రిపేర్ శక్తి పోతుందా? కణంలో మిగిలేది ఏమిటి?

మీ సందేహాలు నాకు అర్థమైనంతవరకు ఇవి. ఆరేళ్ళ కిందట లింఫోమాకి మెడ మీద, ఛాతీ మీద రేడియోథెరపీ చేశారు, ఆ తర్వాత ఫాలో-అప్ అని కొన్ని సిటీ స్కాన్లు తీశారు. ఇప్పుడు ఎక్కడో ‘రేడియేషన్ ఒకసారి తగిలితే కణాలకి డీఎన్ఏని బాగుచేసుకునే శక్తి శాశ్వతంగా పోతుంది’ అని చదివారు. అది నిజమా, నిజమైతే ఇక మీదట తీసే ప్రతి స్కానూ మీకు మామూలు మనిషికంటే ఎక్కువ చేటు చేస్తుందా, పుట్టబోయే పిల్లలకి ఏమైనా వస్తుందా, రిపేర్ శక్తిని కొలిచే పరీక్ష ఏదైనా చేయించుకోవాలా అని అడిగారు. రేడియేషన్ తగిలినవాళ్ళ రక్తంలో క్రోమోజోములు చూడటమే నా పని, చాలా ఏళ్ళుగా అదే చేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు సూటిగా చెప్పేస్తాను: పోదు. రిపేర్ చేసే ప్రోటీన్లను కణం ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేసుకుంటూనే ఉంటుంది, అవి ఒక దెబ్బకి అరిగిపోయే సరుకు కాదు. ఏళ్ళ తరబడి మిగిలేది వేరే ఉంది. ఆ మొదటి కొన్ని గంటల్లో హడావుడిగా జరిగిపోయిన తప్పుడు అతుకులు మిగులుతాయి. రిపేర్ చేతకాకపోవడం వేరు, ఒకసారి తప్పుగా రిపేర్ అయిపోయి ఆ తప్పు కణం నుంచి దాని పిల్ల కణాలకి పోతూ ఉండటం వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి రాస్తారు, చదివినవాళ్ళకి నిద్ర పట్టదు.

దీనికి రుజువు మీ వైద్యంలోనే ఉంది. మీకు మొత్తం డోసు ఒకేసారి ఇవ్వలేదు కదా, రోజుకి 2 గ్రే (గ్రే అంటే ఒంట్లోకి దిగిన రేడియేషన్ డోసుకి కొలత) చొప్పున, వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు ఇచ్చి ఉంటారు. అలా విడగొట్టడానికి ముఖ్యమైన కారణం ఏమిటంటే, ఈ రోజు డోసుకీ రేపటి డోసుకీ మధ్య ఉన్న సమయంలో చుట్టూ ఉన్న ఆరోగ్యమైన కణజాలం తన డీఎన్ఏని చాలావరకు బాగుచేసుకుంటుంది, కేన్సర్ కణాలు అంత బాగా చేసుకోలేవు. మొదటి వారంలోనే రిపేర్ శక్తి దెబ్బతినేటట్టయితే మూడో వారానికి మీ చర్మం, అన్నవాహిక తట్టుకునేవి కావు, ఈ పద్ధతే పనిచేసేది కాదు. ప్రపంచమంతా రేడియోథెరపీ నడుస్తున్నదే కణాల రిపేర్ శక్తి రేపటికి కూడా ఉంటుందన్న లెక్క మీద.

ఇప్పుడు అసలు దెబ్బ ఎలా పడుతుందో చూద్దాం, ఎందుకంటే అది తెలియకపోతే ‘తప్పుడు అతుకు’ అన్నమాట గాల్లో మాటలా ఉంటుంది. ఎక్స్‌రే లేదా గామా కిరణాల డోసు 1 గ్రే పడితే ఒక్కో కణంలో డీఎన్ఏ రెండు పోగుల్లో ఏదో ఒకటి తెగడం సుమారు 1000 చోట్ల జరుగుతుంది, అక్షరాలు, అంటే బేస్‌లు, పాడవడం అంతకంటే ఎక్కువ చోట్ల జరుగుతుంది, రెండు పోగులూ ఒకే చోట తెగిపోవడం మాత్రం 35-40 చోట్లే. మొదటి రెండు రకాల దెబ్బలకి కణం అసలు కంగారుపడదు. ఏ రేడియేషనూ లేకపోయినా, ఊపిరి పీల్చి బతుకుతున్నందుకే రోజుకి ఒక్కో కణంలో వేల, పదివేల సంఖ్యలో అలాంటి చిన్న దెబ్బలు పడుతూనే ఉంటాయి, ఎదురు పోగు చూసుకుని అవి సరి అయిపోతూ ఉంటాయి. ఈ రకం చిన్న రిపేర్లు ఎలా జరుగుతాయో విడమర్చినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సాంజార్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. గొడవంతా ఆ 35-40తోనే. రేడియేషన్ తన శక్తిని సమానంగా చల్లదు, ఒక చోట గుత్తిగా దించుతుంది, దాంతో పది ఇరవై అక్షరాల వెడల్పులోనే రెండు పోగులూ తెగడం, పక్కన అక్షరాలు పాడవడం అన్నీ కలిసి జరుగుతాయి. చూసి రాసుకోవడానికి ఎదురు పోగు కూడా అక్కడ మిగలదు. ఒళ్ళంతటికీ ఒక్కసారిగా 4 గ్రే పడితే వైద్యం లేకుండా సగం మంది బతకరు, కానీ ఆ శక్తి మొత్తం వేడిగా మారినా శరీరం వేడెక్కేది ఒక డిగ్రీలో సుమారు వెయ్యో వంతే. ఎంత పడిందన్నది కాక ఎక్కడ గుత్తిగా పడిందన్నదే ముఖ్యమని అందుకే అంటాం.

రెండు పోగులూ తెగినప్పుడు కణానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, కొసలు పట్టుకుని నేరుగా అతికేయడం. కూ అనే ప్రోటీన్ జంట సెకన్లలో వచ్చి తెగిన కొసల్ని ఉంగరంలా తొడుక్కుంటుంది, డీఎన్ఏ-పీకే వస్తుంది, ఆర్టెమిస్ అవసరమైతే కొసలు కాస్త కత్తిరిస్తుంది, లైగేజ్-4 అతికిస్తుంది. వేగంగా అయిపోతుంది, తెగిన వాటిలో సగం పైచిలుకు గంటలోపే అతుక్కుంటాయి. రెండో దారిలో పక్కనే ఉన్న సోదర ప్రతిని చూసి అచ్చంగా రాసుకోవడం జరుగుతుంది, మీరు పేర్లు విన్న బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఆర్ఏడీ51 అక్కడి పనివాళ్ళు. ఇది చాలా నిక్కచ్చి పని, కానీ సోదర ప్రతి ఉండాలంటే కణం తన డీఎన్ఏని రెట్టింపు చేసుకుని ఉండాలి. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఎక్కువ కణాలు విభజన జోలికి పోకుండా ఊరికే తమ పని చేసుకుంటూ ఉంటాయి, వాటికి ఆ ప్రతి ఉండదు. కాబట్టి చాలా కణాల్లో చాలా దెబ్బలకి మొదటి దారే గతి. మొదటి దారికి ఉన్న లోపం ఏమిటంటే, ‘ఈ కొస ఎవరిది’ అని అది అడగదు. రెండు కొసలు దగ్గరగా దొరికితే చాలు అతికేస్తుంది. పాలిమరేజ్ థీటా నడిపే మూడో దారి కూడా ఒకటుంది, అది మరీ మొరటు, నాలుగైదు అక్షరాలు కలిసిన చోట అతికి, మధ్యలో ఉన్న ముక్కని పారేస్తుంది.

ఇదంతా మైక్రోస్కోపులో ఎలా కనిపిస్తుందో చెబుతాను. రెండు పోగులూ తెగిన చోట చుట్టుపక్కల ఉన్న హెచ్2ఏఎక్స్ అనే ప్రోటీన్‌కి ఏటీఎం అనే ఎంజైము ఫాస్ఫేట్ గుర్తు తగిలిస్తుంది, దాన్ని గామా-హెచ్2ఏఎక్స్ అంటాం. బోనర్ బృందం 1998లో బయటపెట్టిన సంగతి ఇది, మా రంగంలో ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదేమో. ఆ గుర్తుని పట్టుకునే, రంగు తగిలించిన యాంటీబాడీ వేసి చూస్తే, నీలంగా ఉన్న కేంద్రకంలో తెగిన చోట్లు పచ్చటి చుక్కలుగా వెలుగుతాయి. 1 గ్రే ఇచ్చిన అరగంటకి ఒక్కో కేంద్రకంలో ఇరవై ముప్ఫై చుక్కలు, ఫోకస్ పైకీ కిందకీ తిప్పుతూ లెక్కపెట్టాలి, లేకపోతే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. నాలుగైదు గంటలకి చాలా తగ్గిపోతాయి. మర్నాడు అదే సమయానికి చూస్తే రేడియేషన్ తగలని కణాలకీ వీటికీ తేడా ఒకటి రెండు చుక్కలు, అంతే.

కొత్తగా ల్యాబ్‌కి వచ్చిన పిల్లలు అది చూసి ‘అంతా బాగైపోయింది సార్’ అంటారు. చుక్క పోయిందంటే కొసలు అతుక్కున్నాయని అర్థం, అంతవరకే. ఎవరితో అతుక్కున్నాయన్నది చుక్క చెప్పదు.

అది తెలియాలంటే క్రోమోజోములు చూడాలి. రక్తం తీసి, తెల్లకణాల్ని 48 గంటలు పెంచి, సరిగ్గా విభజన మధ్యలో ఆపేసి, స్లైడ్ మీద పరిచి రంగు వేస్తాం. 46 క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి, ప్రతిదానికీ సెంట్రోమియర్ దగ్గర ఒక్క నడుము. రేడియేషన్ తగిలిన కణంలో ఒక్కోసారి పొడుగ్గా, రెండు నడుములున్న క్రోమోజోమ్ ఒకటి కనిపిస్తుంది, దాని పక్కనే అసలు నడుమే లేని చిన్న ముక్క పడి ఉంటుంది. రెండు వేరువేరు క్రోమోజోములు తెగి, ఒకదాని కొస ఇంకోదానికి అతుక్కున్నాయన్నమాట. దీన్నే డైసెంట్రిక్ అంటాం. మామూలు మనిషిలో వెయ్యి కణాలు వెతికితే ఒకటి దొరికితే దొరుకుతుంది, ఒళ్ళంతా ఒక్కసారిగా 1 గ్రే పడ్డ మనిషిలో వందకి సుమారు ఎనిమిది పది కనిపిస్తాయి. అందుకే ప్రమాదాలు జరిగినప్పుడు ఎవరికి ఎంత డోసు పడిందో తేల్చడానికి ఇప్పటికీ దీన్నే నమ్ముకుంటారు, 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం డబ్బా పగిలి జనం చేతుల్లో పడ్డప్పుడు కూడా ఇదే చేశారు.

అయితే ఏళ్ళ తరబడి బాధపెట్టేది ఈ డైసెంట్రిక్ కాదు. రెండు నడుములున్న క్రోమోజోమ్‌ని విభజన వేళ రెండు వైపులా లాగితే అది తెగుతుంది, ఆ కణం చాలావరకు చచ్చిపోతుంది, ఒకరకంగా పీడ విరగడైనట్టే. రక్తంలో వీటి సంఖ్య కొన్ని నెలల నుంచి మూడేళ్ళలోపు సగానికి పడిపోతుంది. అసలు చిక్కు ట్రాన్స్‌లొకేషన్‌తో. అక్కడా రెండు క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి, కానీ దేనికి కావలసిన నడుము దానికి ఉంటుంది, కణం హాయిగా విభజన చెందుతుంది. రెండు పుస్తకాల్లో చినిగిన పేజీల్ని నీటుగా టేపు వేసి అతికారు, కాకపోతే దీని పై సగానికి దాని కింది సగం అతికారు, అలాంటిదన్నమాట. ఆ అతుకు వేసిన ఎంజైముల వైపు నుంచి చూస్తే పని పూర్తయినట్టే. ఇక దాన్ని ఎవరూ విప్పరు, ఆ కణం సంతానమంతా అదే పేజీతో బతుకుతుంది. హిరోషిమా, నాగసాకిల్లో 1945లో బయటపడ్డవాళ్ళ రక్తంలో ఈ ట్రాన్స్‌లొకేషన్లు దశాబ్దాల తర్వాత కూడా, ఆనాడు పడ్డ డోసుకి తగ్గట్టుగా కనిపించాయి. వాళ్ళ రిపేర్ శక్తి అన్ని దశాబ్దాలు పడిపోయి ఉందని కాదు దాని అర్థం, మొదటి రోజు జరిగింది మూల కణాల్లో, అంటే కొత్త రక్తకణాల్ని పుట్టించే కణాల్లో, అలాగే నిలిచిపోయిందని.

కేన్సర్ ఆలస్యంగా రావడానికి కూడా ఇదే కారణం. బాంబు బాధితుల్లో లుకేమియా, అంటే రక్త కేన్సర్, రెండు మూడేళ్ళకే మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఎక్కువై, తర్వాత తగ్గింది. గడ్డలుగా వచ్చే కేన్సర్లు పదేళ్ళ తర్వాత మొదలై జీవితాంతం కాస్త ఎక్కువగానే ఉండిపోయాయి. ముప్ఫై ఏళ్ళ వయసులో 1 గ్రే పడితే డెబ్బై ఏళ్ళ వయసులో ఆ ముప్పు మామూలుకంటే సుమారు 47 శాతం ఎక్కువని వాళ్ళ లెక్కల్లో తేలింది. ఒక్క తప్పుడు అతుకుతో కేన్సర్ రాదు, దానికి తోడు ఇంకొన్ని మార్పులు చేరాలి, ఆ చేరడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇంకా స్పష్టమైన సాక్ష్యం చెర్నోబిల్ అణు ప్రమాదానిది. 1986లో అక్కడి పిల్లల థైరాయిడ్‌లోకి చేరిన అయోడిన్-131 సగం ఎనిమిది రోజుల్లో పోతుంది, అంటే కొన్ని వారాల్లో దాదాపు మాయం. తెగిన డీఎన్ఏ అంతకంటే త్వరగా అతుక్కుంది. కేన్సర్లు మాత్రం నాలుగైదేళ్ళ తర్వాత మొదలై ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. చిన్నప్పుడు ఆ రేడియేషన్ తగిలినవాళ్ళవీ, పోల్చడానికి తగలనివాళ్ళవీ కలిపి 440 థైరాయిడ్ కణితుల జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ, చదివి 2021లో ‘సైన్స్’ పత్రికలో వేశారు. డోసు ఎక్కువయ్యేకొద్దీ చిన్న చిన్న ముక్కలు ఎగిరిపోవడం, రెండు జీన్లు కలిసి అతుక్కోవడం ఎక్కువయ్యాయి, ఆ అతుకుల దగ్గర ఉన్న గుర్తులు నేను పైన చెప్పిన మొదటి దారివే. రేడియేషన్ వల్లే వచ్చిందని చెప్పే ప్రత్యేకమైన ముద్ర మాత్రం ఏదీ దొరకలేదు. అంచేత ‘ఫలానా మనిషికి వచ్చిన ఫలానా కేన్సర్ ఆ స్కాన్ వల్లే’ అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

ఇక మర్నాటికి కూడా ఒకటి రెండు చుక్కలు మిగులుతాయన్నాను కదా. క్రోమాటిన్, అంటే ప్రోటీన్లకి చుట్టుకుని ఉన్న డీఎన్ఏ, గట్టిగా చుట్టుకుపోయిన చోట్ల రిపేర్ గంటల తరబడి సాగుతుంది, కొన్ని చోట్ల ఎప్పటికీ పూర్తి కాదు. అలాంటి దెబ్బ మోస్తున్న కణం తరచుగా విభజన శాశ్వతంగా మానేస్తుంది. మానేసి ఊరుకుంటే బాగుండేది, వాపు పుట్టించే పదార్థాలు చుట్టూ వదులుతూ కూర్చుంటుంది. రేడియోథెరపీ అయిన చోట ఏళ్ళ తర్వాత కండ, చర్మం గట్టిపడటంలో వీటి పాత్ర ఉంది. మీ మెడ ఒకవైపు బిగుసుకున్నట్టు ఉంటుందని రాశారు, అది ఈ కోవలోకి వచ్చే సంగతే అయి ఉండొచ్చు, ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

‘రిపేర్ శక్తి తగ్గదు’ అన్న నా మాటకి రెండు మినహాయింపులు చెప్పాలి, లేకపోతే సగం నిజం చెప్పినట్టవుతుంది. ఒకటి, పుట్టుకతోనే ఈ జీన్లు పాడైనవాళ్ళు. ఏటీఎం జీన్ రెండు ప్రతులూ పాడైతే వచ్చే అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే జబ్బులో మామూలు రేడియోథెరపీ డోసే ప్రాణం మీదకి తెస్తుంది. లైగేజ్-4 లోపం ఉన్నవాళ్ళదీ అదే కథ. కానీ అది రేడియేషన్ తెచ్చిపెట్టింది కాదు, ముందే ఉన్నది, పైగా చాలా అరుదు. మీరు పూర్తి కోర్సు తట్టుకుని బయటపడ్డారు కాబట్టి మీకు అలాంటిది ఉండే అవకాశం బాగా తక్కువ.

రెండోది కాస్త మెలిక ఉన్నది. ఎముక మజ్జలో వయసుతో పాటు కొన్ని మూల కణాలకి టీపీ53, పీపీఎం1డీ, సీహెచ్ఈకే2 వంటి జీన్లలో మ్యుటేషన్లు, అంటే డీఎన్ఏ అక్షరాల్లో మార్పులు, వస్తుంటాయి. ఇవి డీఎన్ఏ తెగిందని అలారం మోగించే జీన్లు. రేడియేషన్ గానీ కొన్ని కీమో మందులు గానీ పడ్డప్పుడు, అలారం సరిగ్గా మోగే కణాలు ఆగిపోతాయి లేదా చచ్చిపోతాయి, అలారం చెడిన కణాలు పట్టించుకోకుండా పెరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తాయి. అంటే రేడియేషన్ వాటి రిపేర్‌ని పాడుచేయలేదు, ముందే పాడైనవాటికి పోటీ లేకుండా చేసింది. వైద్యం అయిన కొందరి రక్తంలో ఇలాంటి కణాల వాటా పెరిగి కనిపిస్తుంది, వాళ్ళలో కొద్దిమందికి తర్వాత రక్త కేన్సర్ వస్తుంది. మీ డాక్టర్ అప్పుడప్పుడు సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించమనడానికి ఇది కూడా ఒక కారణం.

జీనోమ్ అస్థిరత అని ఇంకో మాట మీరు చదివి ఉంటారు. 1992లో కధీమ్ బృందం మజ్జ కణాల మీద ఆల్ఫా రేడియేషన్ పంపితే, దెబ్బ తగిలిన కణం బాగానే ఉండి, దాని మనవల తరంలో కొత్త క్రోమోజోమ్ మార్పులు పుట్టుకొచ్చాయి. ల్యాబ్‌లో అది నిజమే, చాలామంది మళ్ళీ చేసి చూశారు. మనుషుల్లో, ముఖ్యంగా బాంబు బాధితుల టీ-కణాల్లో (ఒక రకం తెల్లకణాల్లో) వెతికినప్పుడు మాత్రం దానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. దీన్ని పట్టుకుని భయపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. దీనికి పూర్తి విరుద్ధంగా, ముందు చిన్న డోసు ఇస్తే తర్వాతి పెద్ద డోసుని కణాలు బాగా తట్టుకుంటాయని 1984లో వుల్ఫ్ బృందం మనుషుల తెల్లకణాల్లో చూపించింది. అది కూడా నిజమే, కానీ కొద్ది కాలమే ఉంటుంది, అందరి కణాల్లోనూ కనిపించదు. దాన్ని చూపించి రేడియేషన్ ఒంటికి మంచిదని ప్రచారం చేసేవాళ్ళకి దూరంగా ఉండండి.

స్కాన్ల విషయానికి వస్తే, ఒక పొట్ట సిటీ స్కాన్ సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి జరిగే చేటుని లెక్కగట్టే కొలత, ఎక్స్‌రేల విషయంలో మిల్లీగ్రేతో, అంటే గ్రేలో వెయ్యో వంతుతో, దాదాపు సమానం అనుకోండి), ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి వచ్చేది ప్రపంచ సగటున 2.4. పైన చెప్పిన లెక్కతో చూస్తే 10 మిల్లీగ్రేకి మూడు కణాల్లో ఒకదానికి రెండు పోగులూ తెగిన దెబ్బ ఒకటి పడుతుంది. రేడియోథెరపీలో మీకు ఒక్క రోజులో పడింది దానికి రెండు వందల రెట్లు. కొత్త స్కాన్ తెచ్చే ముప్పు పాతదానికి చిన్న కూడికలా చేరుతుంది, అంతేకానీ మీకు రిపేర్ శక్తి తగ్గిందని గుణకారం కాదు. ఆ చిన్న కూడిక సున్నా అని కూడా నేను అనను, ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు కార్మికులు మూడు లక్షల మందికి పైగా ఉన్న అధ్యయనంలో చిన్న డోసుల దగ్గర కూడా ముప్పు కొద్దిగా పెరుగుతున్నట్టే కనిపించింది. అవసరం ఉంటే స్కాన్ తీయించుకోండి, అవసరం ఏమిటో డాక్టర్‌ని అడగండి, అల్ట్రాసౌండ్‌తో గానీ ఎంఆర్‌ఐతో గానీ పని జరిగేటట్టయితే అదే అడగండి.

పిల్లల గురించి. ఈగల మీద ఎక్స్‌రే పంపితే సంతానానికి మ్యుటేషన్లు వస్తాయని ముల్లర్ 1927లోనే చూపించాడు, ఎలుకల్లోనూ కనిపించింది, ఈ భయం అక్కడి నుంచి వచ్చిందే. మనుషుల్లో మాత్రం బాంబు బాధితుల పిల్లలు సుమారు 77,000 మందిని దశాబ్దాలు గమనించినా రోగాలు, మరణాలు ఎక్కువైనట్టు తేలలేదు. చెర్నోబిల్ ప్రభావానికి లోనైనవాళ్ళకి తర్వాత పుట్టిన 130 మంది పిల్లల జీనోములు తల్లిదండ్రులవాటితో పోల్చి చూసినప్పుడు కూడా కొత్త మ్యుటేషన్లు మామూలు పిల్లల్లో ఉన్నన్నే ఉన్నాయి. పైగా మీకు కిరణాలు పడింది మెడకి, ఛాతీకి, అండాశయాలకి గానీ వృషణాలకి గానీ చేరింది చెదిరిన కొద్దిపాటి డోసే. ఆరేళ్ళు కూడా గడిచాయి. కీమో కూడా జరిగి ఉంటే సంతానం కలిగే అవకాశం మీద దాని ప్రభావం వేరే ప్రశ్న, అది మీ ఆంకాలజిస్టుతో మాట్లాడండి.

పరీక్ష వద్దు. గామా-హెచ్2ఏఎక్స్ చుక్కలు లెక్కపెట్టి ‘మీ రిపేర్ స్కోరు ఇంత’ అని అమ్మేవాళ్ళు కనిపిస్తే డబ్బు దండగ చేసుకోకండి, ఆ అంకె రోజుకోలా, ల్యాబుకోలా మారుతుంది, దాన్ని బట్టి మీ వైద్యంలో మార్చేది ఏమీ ఉండదు. యాంటీఆక్సిడెంట్ మాత్రల సంగతీ అంతే. ఎక్స్‌రే చేసే నష్టంలో మూడింట రెండు వంతులు నీటి నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కల ద్వారా జరిగే మాట నిజమే, కానీ కణం లోపల వాటి ఆయుష్షు కొన్ని నానోసెకన్లు. ఆరేళ్ళ తర్వాత మింగే మాత్రకి పట్టుకోవడానికి అక్కడ ఏముంటుంది?

చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఏ భాగానికి మొత్తం ఎన్ని గ్రేలు, ఎన్ని విడతల్లో ఇచ్చారో రాసి ఉన్న రికార్డు సంపాదించి దగ్గర పెట్టుకోండి, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదట చూపించాల్సింది అదే. మెడకి ఇచ్చారు కాబట్టి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, థైరాయిడ్ మందగించడం మీలాంటివాళ్ళలో చాలా మామూలు. ఛాతీకి ఇచ్చారు కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకోవాలి, గుండె రక్తనాళాల మీద దాని ప్రభావం పది ఇరవై ఏళ్ళకి బయటపడుతుంది. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్ళకయితే ఎనిమిదేళ్ళ తర్వాత నుంచి, లేదా పాతికేళ్ళ వయసు నుంచి, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ఏటా రొమ్ము పరీక్షలు మొదలుపెడతారు, మీకు వర్తిస్తుందేమో ఇప్పుడే అడగండి. సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మానేయండి, ఊపిరితిత్తులకి రేడియేషన్ తగిలిన వాళ్ళలో పొగ ముప్పు కూడికలా చేరదు, హెచ్చవేతలా పెరుగుతుంది. స్కాన్ అంటే వణికిపోతూ బయటికొచ్చి సిగరెట్ వెలిగించేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను.